టికెట్టు మూతికి చిక్కం

ఆ గదిలో ఏ ముప్పు ఎక్కడ దాక్కుందో ఆమె కళ్ళు మూసుకుని చెప్పగలదు. గుండుసూదుల డబ్బా కిటికీ గట్టు మీద. పెద్ద కత్తెర గోడ మేకుకు. ఇస్త్రీ పెట్టె బీరువా నెత్తిన, దాని తీగ కూడా పైకే చుట్టి. కుట్లు విప్పే బ్లేడు మిషను సొరుగులో, కాగితంలో మడిచి. అయినా రోజూ పనిలో కూర్చునే ముందు మోకాళ్ళ మీద వంగి, అరచేత్తో గది నేలంతా ఒకసారి తడిమేది. కంటికి ఆనని సూది చేతికి ఆనుతుంది. తన చేతికి గుచ్చుకుంటే గుచ్చుకోనీ, పాప పాదాన్ని వదిలేస్తే అదే చాలు.

పాపకు పంతొమ్మిదో నెల. నడక కుదురుకోకముందే పరుగు వచ్చేసింది. కింద ఏది కనపడినా ముందు నోట్లో పెట్టుకుని, అదేమిటో తర్వాత చూసుకునే వయసు. వచ్చిన మాటలు నాలుగే. అమ్మ, నాన్న, ఇవ్వు, నానమ్మ. ఆ నాలుగో మాటకు పలికే మనిషి ఇప్పుడు ఇంట్లో లేదు.

మూడంతస్తుల ఆ ఇంట్లో వాళ్ళంతా ఆమెను టేపమ్మ అనేవాళ్ళు. మెడలో కొలతల టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు మరి. బడికి వెళ్ళింది నాలుగేళ్ళే. అంకెలు చదవగలదు కానీ, రాసిపెట్టుకుంటే ఒకరివి ఒకరికి కలిసిపోతాయని భయం. అందుకే చిన్నప్పుడు పిన్ని నేర్పిన పద్ధతినే పట్టుకుంది. మనిషికో గుడ్డ పట్టీ. భుజం ఎక్కడికొస్తే అక్కడ ఒక గాటు, ఛాతీకి రెండు, నడుముకు మూడు. గుర్తు కోసం ఆ మనిషి బట్టలో మిగిలిన పీలిక ఒకటి పట్టీ కొసకు కుట్టేది. గోడకు కట్టిన తీగ మీద అలాంటివి వందకు పైగా వేలాడేవి. కిటికీ తీస్తే వీధి వీధంతా గోడ మీద ఊగుతున్నట్టుండేది.

ఆమెకు ఎక్కువగా వచ్చేవి బడి యూనిఫాంలు. పిల్లల బట్ట అనగానే లోపల రెండు వేళ్ళ గుడ్డ మడిచి వదలడం ఆమె చేతికి పట్టేసిన అలవాటు. పిల్లలు ఎదుగుతారు. ఏడాది తిరక్కముందే తల్లులు వచ్చి "కాస్త విప్పిపెట్టమ్మా" అంటారు. ఆ మడత ఉంటుందన్న ధీమాతోనే చాలామంది ఆమె గడప తొక్కేవాళ్ళు.

అత్తగారు ఉన్నన్నాళ్ళూ మిషనుకు ఇవతల ఒక పొట్టి పీట, పీట మీద అత్తగారు, అత్తగారి ఒళ్ళో పాప. పెద్దావిడకు నోరు మూతపడేది కాదు. "ఆ గుండీ వంకర పోయింది చూడు. నా కంటికి పొర వచ్చిందన్నారు, వచ్చింది నీకులా ఉంది" అని ఒకటి. "ఊరందరికీ సరిగ్గా కుడతావు, నా కొడుకు చొక్కా చేతులు మాత్రం ఎప్పుడూ పొట్టే" అని ఇంకొకటి. కోడలు మాత్రం తక్కువ తిందా? "మీ అబ్బాయి చేతులే పొడుగత్తయ్యా, మీరే అలా కన్నారు" అనేది. రోజంతా చెవిలో జోరీగే. ఐదు నెలల కిందట ఒక మధ్యాహ్నం పాపను జోకొడుతూ పక్కనే ఒరిగిన పెద్దావిడ మళ్ళీ లేవలేదు. ఆ రొద ఆగిపోయాకే ఆమెకు తెలిసింది, దాన్ని నమ్ముకునే తను ఇన్నాళ్ళూ తలెత్తకుండా మిషను తొక్కిందని.

ఆవిడ పోయిన నెలకు గుండీ సంగతి జరిగింది. ఆమె ఒక కోటుకు కాలరు ఎక్కిస్తోంది. పాప దగ్గలేదు, ఏడవలేదు. చప్పుడు లేదేమా అని తిరిగి చూస్తే, పిల్ల కళ్ళు ఇంతింత చేసుకుని నిలబడి ఉంది. ఒళ్ళో బోర్లా వేసుకుని వీపు మీద చరిస్తే, నాలుగో దెబ్బకు నల్లటి కోటు గుండీ నేల మీద పడి దొర్లింది. పాప గుక్కపట్టి ఏడ్చింది. అంత తియ్యటి ఏడుపు ఆమె ఏనాడూ వినలేదు.

ఆ మాట మొగుడికి చెప్పలేదు. చెబితే పని మానెయ్యమంటాడేమోనన్నది ఒక భయం. తన వెనకే, తను ఉండగానే అలా జరిగిందని నోటితో ఒప్పుకోవడం అంతకన్నా పెద్ద భయం. మర్నాటి నుంచి అతను పనికి మెట్లు దిగగానే, బారెడు నాడా తీసి ఒక కొస పాప నడుముకు, రెండో కొస కటింగ్ బల్ల కాలికి కట్టేది. పాప చేతికి మిషను అందదు, కిటికీ గట్టు అందదు. ఎవరైనా గిరాకీ తలుపు తడితే గబగబా విప్పి సొరుగులో పడేసేది. అతను వచ్చే వేళకు నాడా జాడే ఉండేది కాదు.

అతను బస్సు డ్రైవరు. రెండో డ్యూటీ. పొద్దున పదిన్నరకు వెళితే ఇంటికొచ్చేసరికి పాప నిద్రపోయేది. ఒక ఆదివారం భోజనాల దగ్గర అతను గొంతు సవరించుకున్నాడు.

"ఒక మాట చెప్తాను, అరవకూడదు."

"అరిచే మాటైతే చెప్పకండి."

"కుక్కను తెద్దామనుకుంటున్నా."

ఆమె చేతిలో గరిటె అలాగే ఆగింది. "ఎవరికి?"

"పాపకే. మా కండక్టరు దగ్గరుంది. వాడికి డిపో హాస్టల్లో గది వచ్చింది, అక్కడ కుక్కల్ని రానివ్వరు. శుక్రవారంలోగా ఎవరికైనా ఇచ్చెయ్యాలిట. అమ్మ పోయాక ఇల్లు మూగబోయింది కదే. రోజంతా నీ మిషను చప్పుడు తప్ప పిల్ల ఏం వింటోంది చెప్పు? దానికీ ఒక తోడుంటుంది."

"అంటే మీ అమ్మ చోట్లో కుక్కను కూర్చోబెడతారా? ఆవిడ వింటే లేచొస్తుంది."

"వస్తే రానీ. నాక్కావాల్సిందీ అదే" అని నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది.

ఆమె అనుమానాలు ఒక్కొక్కటే బయటికి తీసింది.

"కరిస్తే?"

"కరవదు."

"ఇది దాని తోక పీకితే?"

"దానికి ఉన్నదే సగం తోక. పీకడానికి దొరకదు."

"రోగాలూ అవీ?"

"సూదులన్నీ వేయించాడు. కాగితాలు కూడా ఉన్నాయి."

"కరవకూడదని ఆ కాగితాల్లో రాసుందా? అది చదువుకుందా?"

"మూడు రోజులే. రేపు తెస్తాడు, గురువారం పొద్దున్న నువ్వు వద్దంటే వద్దు. నేను నోరెత్తను. సరేనా?"

వద్దని అప్పుడే అనేసేదే. కానీ ఆ పొద్దున పాప ఖాళీ పీట ముందు నిలబడి, రెండు చేతులూ చాపి "నానమ్మ, ఇవ్వు" అనడం ఆమె చూసింది. ఏం ఇవ్వాలో పిల్లకూ తెలిసినట్టు లేదు. అది గుర్తొచ్చి, "సరే, మూడు రోజులే" అంది.

సోమవారం పొద్దున కండక్టరు కుక్కతో మెట్లెక్కి వచ్చాడు. సన్నటి మనిషి, మొగుడికన్నా పదేళ్ళు చిన్న. గోధుమ రంగు కుక్క, మోకాలెత్తు ఉంటుంది, చెవులు వేలాడుతున్నాయి. లోపలికి వచ్చి, గది నాలుగు మూలలూ వాసన చూసి, అలసిపోయిన ప్రయాణికుడిలా ఉస్సురంటూ చతికిలపడింది.

"దీని పేరు టికెట్టు వదినా."

"అదేం పేరు తమ్ముడూ?"

"పిల్లగా ఉన్నప్పుడు ఒకరోజు బస్సెక్కి దిగనని కూర్చుంది. టికెట్టు లేకుండా నా బండిలో ఎవర్నీ ఉండనివ్వను కదా. ఏం చెయ్యను? దానికి ఆ పేరే పెట్టేశా."

"ఎన్నేళ్ళు?"

"ఏడు నిండాయి. నోట్లో వేలు పెట్టినా కొరకలేదు వదినా, అంత నెమ్మది."

ఆ మాట అంటుండగానే పాప ఆమె చంకలోంచి వంగి వేలు చాపింది. ఆమె ఆ చిన్న వేలిని తన గుప్పిట్లో మూసేసింది.

"దీనికి చిక్కం ఉందా?"

"చిక్కమా? దూడ మూతికి కట్టినట్టా? దీనికెందుకు వదినా!"

"నా ఇంట్లో ఉండాలంటే ఉండాలి. లేకపోతే నేనే కుడతాను."

మొగుడు కండక్టరు వైపు చూసి కనుబొమ్మలెగరేశాడు, నేను చెప్పలేదూ అన్నట్టు. ఇద్దరూ డ్యూటీకి వెళ్ళిపోయారు. గదిలో ఆమె, పాప, కుక్క మిగిలారు. పాపను కిందికి దించలేదు. పాప నిద్రపోయేదాకా ఎత్తుకునే తిరిగింది.

చిక్కం కుట్టాలంటే కొలత కావాలి. కొలవాలంటే మూతి దాకా చెయ్యి పోవాలి. నిద్రపోయిన పాపను పడకగదిలో మంచం మీద పడుకోబెట్టి, ఆ గది తలుపు గొళ్ళెం పెట్టి, ఒక కొత్త గుడ్డ పట్టీ తీసుకుని కుక్క ముందు కూర్చుంది. వీధి వీధంతటినీ కొలిచిన మనిషి, ఆ మూతికి పట్టీ చుట్టబోయి రెండుసార్లు చెయ్యి వెనక్కి తీసుకుంది. టికెట్టు ఆమె వంక చూసి, మెడ కొలిచేటప్పుడు గిరాకీలు ఎత్తినట్టే గడ్డం పైకెత్తింది. మూతి చుట్టుకు ఒక గాటు, పొడుగుకు రెండు, చెవుల వెనక నుంచి తిప్పిన పట్టాకు మూడు. అరగంటలో యూనిఫాం నిక్కర్ల బూడిదరంగు గుడ్డతో చిక్కం తయారైంది. తొడిగి, గుండీ పెట్టి చూసుకుంది. బాగానే కుదిరినట్టుంది. ఆ రోజు నాలుగు నిక్కర్లు కుట్టాల్సిన చోట ఒక్కటే కుట్టింది. కళ్ళు రెండూ కుక్క మీదే ఉంటే, కుట్టు దాని దారిన అది పోయింది. విప్పి మళ్ళీ కుట్టాల్సి వచ్చింది.

అతను ఇంటికొచ్చి చిక్కం చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "దీన్ని కూడా బళ్ళో చేర్పించావా?"

మంగళవారం పై అంతస్తు నర్సమ్మ కోటు వేసి చూసుకోవడానికి వచ్చింది. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో చేసి రిటైరైన మనిషి. ఆవిడ కంటపడకూడదని ఆమె పాప నడుము నాడా విప్పేసింది. కుక్క తలుపు పక్కన పడుకుని ఉంది, మూతికి చిక్కం ఉంది. ఒక్క పది నిమిషాలే కదా అనుకుంది. పాప చేతిలో ఒక ఖాళీ దారపు రీలు పెట్టి, నర్సమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని కోటు అంచు మడుస్తూ గుండుసూదులు గుచ్చడం మొదలుపెట్టింది. సూదులన్నీ పెదాల మధ్య పట్టుకోవడం ఆమె అలవాటు.

"టేపమ్మా" అంది నర్సమ్మ, చాలా మెల్లగా. "నెమ్మదిగా వెనక్కి తిరుగు. అరవకు."

తిరిగింది. ముందు కనపడింది పాప తల మీద బూడిదరంగు టోపీ. ఈ టోపీ నేనెప్పుడు కుట్టానబ్బా అనుకుంది. ఆ తర్వాత కుక్క మూతి కనపడింది, బోసిగా. పాప కుక్కను ఆనుకుని కూర్చుని, దాని కింది పెదవిని గుప్పిటతో పట్టుకుని బలంకొద్దీ లాగుతోంది. పళ్ళన్నీ బయటపడ్డాయి. టికెట్టు కళ్ళు గట్టిగా మూసుకుని, మొహం గోడ వైపు తిప్పుకోవాలని చూస్తోంది. పాప వదలడం లేదు.

నోట్లో ఆరు సూదులు. అరవాలన్నా అరవలేదు. వాటిని అరచేతిలోకి ఉమ్మి, సూదులు గుచ్చుకుంటున్నా గుప్పిట బిగించి, మోకాళ్ళ మీదే పాక్కుంటూ వెళ్ళింది. రెండో చేత్తో పాప వేళ్ళను ఒక్కొక్కటే విప్పి, పిల్లను లాక్కుని గుండెకు అదుముకుంది. టికెట్టు లేచి, ఒళ్ళు దులుపుకుని, తలుపుకు ముక్కు ఆనించి నిలబడింది, దిగాల్సిన స్టాపు వచ్చినట్టు.

"ఎంతసేపటి నుంచి అలా ఉన్నారో నీకేమైనా తెలుసా?" అంది నర్సమ్మ.

"తెలీదు" అంది.

నర్సమ్మ పాప తల మీది చిక్కం తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. లోపల రెండు వేళ్ళ గుడ్డ చక్కగా మడిచి ఉంది. ఆ మడత కుట్టు కాస్త జారి, పట్టా వదులై, కుక్క ముంగాలితో ఒక్క లాగు లాగితే ఊడివచ్చేలా ఉంది.

"ఇదేంటమ్మా?"

"ఎదగడానికి వదిలే మడత" అంది, తనకే అప్పుడు తెలిసి.

"ఏడేళ్ళ కుక్క ఇంకా ఏం ఎదుగుతుంది టేపమ్మా? వచ్చే ఏడు పై తరగతికి వెళ్తుందా?"

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఆమె గుప్పిట్లోని సూదులు లెక్కపెట్టి డబ్బాలో వేసింది. నర్సమ్మ నవ్వాపి పక్కన కూర్చుంది.

"చూడమ్మా, కుక్క మంచిదే. నీ పిల్ల లాగినంత ఎవరైనా నన్ను లాగితే నేనే ఊరుకోను. కానీ నేను తిరిగి చూసేసరికి అది పెదాలు నాక్కుంటోంది, మొహం తిప్పుకుంటోంది. వద్దమ్మా వద్దమ్మా అని దాని భాషలో అది చెప్తూనే ఉంది. ఈ వయసు పిల్లకు ఆ భాష ఎక్కడ తెలుస్తుంది? వీళ్ళిద్దరి మధ్యా ఎప్పుడూ ఒక పెద్దవాళ్ళ చెయ్యి ఉండాలి. ఎప్పుడూ అంటే ఎప్పుడూ. ఆ చెయ్యి ఉందా నీకు?"

"రెండున్నాయి నర్సమ్మగారూ. రెండూ మిషను మీదే."

నర్సమ్మ కోటు విప్పి ఇచ్చి వెళ్ళిపోయింది.

ఆమె ఆ మడతను అప్పటికప్పుడే విప్పి, మళ్ళీ బిగించి కుట్టింది. కానీ ఇక చిక్కం మీద నమ్మకం పోయింది, దాన్ని కుట్టిన చేతి మీద అంతకంటే. నాడా తీసి పాపను బల్ల కాలికి ఎప్పటిలా కట్టింది. బుధవారం కుక్క తాడు తీసుకుని అదే బల్లకు, అటువైపు కాలికి కట్టింది. టేపు పట్టి మరీ కొలిచింది. ఇద్దరూ చివరిదాకా లాక్కున్నా మధ్యలో జానెడు మిగలాలి. ఈసారి కొలత తప్పలేదు. పాప నాడా బిగిసేదాకా వెళ్ళి చెయ్యి చాపేది, "ఇవ్వు, ఇవ్వు" అనేది. టికెట్టు తన కొసన పడుకుని ఆ చేతిని చూస్తూ ఉండేది. ఆమె వాళ్ళకు వీపు పెట్టి మిషను తొక్కుతూ, నాలుగు కుట్లకోసారి వెనక్కి తిరిగేది. మెడ పట్టేసింది.

ఆ రోజు దారిలో బస్సు చెడిపోయింది. రెండింటికల్లా అతను ఇంటికొచ్చేశాడు. మిషను చప్పుడులో తాళం తీసిన అలికిడి ఆమెకు వినపడలేదు. పాప నాడా కొసన బోర్లా పడుకుని నిద్రపోతోంది. జానెడు దూరంలో కుక్కా నిద్రపోతోంది. ఇద్దరి మొహాలూ ఎదురెదురుగా ఉన్నాయి.

"ఇదేంటే, ఇద్దర్నీ ఒకే సీట్లో కూర్చోబెట్టావ్!" అని నవ్వాడు.

ఆమె ఉలిక్కిపడి లేచింది. అతను నవ్వుతూనే వంగి పాప నడుము దగ్గర ముడి విప్పబోయాడు. నాడా అంచులు పీచులు లేచి, మధ్యలో నున్నగా అరిగిపోయి ఉంది. చేత్తో దాని వెంబడే బల్ల కాలి దాకా వెళ్ళాడు. అక్కడ రంగు పోయి, చెక్క మీద వేలి మందాన గాడి పడి ఉంది. ఆ గాడి మీద బొటనవేలు పెట్టి అలాగే కూర్చున్నాడు.

"ఇది ఇవాళ కట్టింది కాదే."

ఆమె మెడలోని టేపు తీసి చేతికి చుట్టుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"అత్తయ్య పోయాక ఒక నెల నుంచి."

"ఎందుకు?"

చెప్పింది. గుండీ సంగతి మొత్తం చెప్పింది. పిల్ల కళ్ళు ఎలా ఉన్నాయో, ఎన్ని దెబ్బలు చరిచిందో, ఏమీ దాచలేదు. నిన్నటి టోపీ సంగతి కూడా చెప్పేసింది. అతను వింటూ నిద్రపోతున్న పాప వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు.

"ఎంతసేపు ఊపిరాడలేదు దానికి?"

"తెలీదండీ. నాకు ఎప్పుడూ తెలీడం లేదు. తిరిగి చూసేసరికి అయిపోతోంది. అదే నా బాధ."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా."

"చెప్తే మిషను తీసెయ్యమంటారు."

"అంటానా?"

"అనరా?"

అతను ఆలోచించాడు. "అనేవాణ్ణేమో" అన్నాడు, నేల చూపులు చూస్తూ.

బయట ఎవరో మెట్లెక్కి పోయారు. టికెట్టు ఒక చెవి ఎత్తి, మళ్ళీ దించింది.

"కుక్క వద్దండీ" అంది ఆమె. గురువారం దాకా ఆగుదామనుకుంది కానీ ఆగలేకపోయింది. "అది కరుస్తుందని కాదు. నిన్న కరవాల్సింది, కరవలేదు. ఓర్చుకుంది. అది ఓర్చుకున్నన్నాళ్ళే నా పిల్ల క్షేమమంటే నాకు అన్నం దిగదు. అది పిల్లను చూసుకోదు, మనమే ఇద్దర్నీ చూసుకోవాలి. నాకు ఒక్కదాన్ని చూడ్డానికే కళ్ళు చాలక కట్టేశాను. ఇప్పుడు రెండో దాన్నీ కట్టేశాను. ఇద్దరికీ ఇదేం బతుకు?"

"ఎప్పటికీ వద్దా?"

"నాలుగేళ్ళు రానీయండి పాపకు. వద్దు అంటే ఏంటో తెలియనీయండి. అప్పుడు చూద్దాం."

"అప్పటికి టికెట్టు ముసలిదైపోతుంది. ఉంటుందో ఉండదో."

"ఉండకపోవచ్చు" అంది. మూడు రోజుల్లో ఆ కుక్క ఆమెకు చేసిన చెడ్డేమీ లేదు.

"మరి ఇప్పుడేం చేద్దామంటావ్?"

"మీరు మొదటి డ్యూటీకి మారండి."

అతను పాము మీద కాలేసినట్టు చూశాడు. "తెల్లారగట్ల నాలుగింటికి బండి తియ్యాలి. అంటే మూడింటికి లేవాలి. నేనా? వీడు లేవాలంటే బస్సే మంచం దగ్గరికి రావాలి అనేది కదే అమ్మ!"

"ఆవిడ చాలా అనేది. మీరు ఒంటిగంటకల్లా ఇంటికొస్తే, సాయంత్రం దాకా పాప మీది. నేను పొద్దున వంటా ఇల్లూ చూసుకుని, మీరొచ్చాకే మిషను ముట్టుకుంటాను. పిల్లకు తోడు కావాలని మీరేగా అన్నారు? ఆ తోడు మీరే."

అతను అప్పటికప్పుడు సరే అనలేదు. నాడా ముడి మాత్రం విప్పాడు. విప్పడానికి చాలాసేపు పట్టింది.

గురువారం పొద్దున కండక్టరు వచ్చాడు. ఆమె మొహం చూసి అడక్కుండానే తెలుసుకున్నాడు.

"ఏం తప్పు చేసింది వదినా?"

"అదేం చెయ్యలేదు తమ్ముడూ. మేమే చూసుకోలేం. పిల్ల మరీ చిన్నది."

"మా అక్కను మళ్ళీ అడుగుతా. ఆవిడ పిల్లలు పెద్దవాళ్ళే, బళ్ళకు వెళ్తారు. పోయిన వారం వద్దంది." తాడు చేతికి చుట్టుకుంటూ నిలబడ్డాడు. "రేపటిదాకా టైముంది కదా. చూస్తా."

తిడితే బాగుండుననిపించింది ఆమెకు. టికెట్టు ఒక్కో మెట్టూ దిగి వెళ్ళిపోతుంటే, పాప గడప దగ్గర నిలబడి చెయ్యి చాపింది. "ఇవ్వు" అంది. ఇంకా గట్టిగా, "ఇవ్వు!" అంది. ఆమె పాపను ఎత్తుకుంది. మళ్ళీ వస్తుందిలే అని నోటిదాకా వచ్చింది కానీ అనలేదు. రెండు రోజులు ఆమెకు కూడు సయించలేదు. శనివారం అతను వచ్చి, కండక్టరు అక్క ఒప్పుకుందని చెప్పాకే కంచం ముందు కుదురుగా కూర్చుంది.

అతను అడిగిన మొదటి డ్యూటీ దొరకడానికి ఇంకో పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ ఆమె పాపను కట్టలేదు. మిషను మీద ముసుగు కూడా తియ్యలేదు. యూనిఫాంల తల్లులు వచ్చి మూతి ముడుచుకుని వెళ్ళారు.

మొదటి రోజు అతను ఒంటిగంట దాటాక వచ్చాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. అన్నం తిని, పాపను తీసుకుని ముందు గదిలో చాప మీద కూర్చున్నాడు. ఆమె కుట్టు గదిలోకి వెళ్ళి, మధ్య తలుపు వేసి గొళ్ళెం పెట్టింది. పాప పుట్టాక ఆ తలుపు వెయ్యడం అదే మొదటిసారి. నర్సమ్మ కోటు ముందు పెట్టుకుంది. కాలు పెడలు మీద ఉంది కానీ కదలదు. చెవులు తలుపు అవతలే ఉన్నాయి. మూడింటికి లేచిన మనిషి, కూర్చున్నచోటే కునుకు తీస్తే?

"ఏమండీ, మేలుకునే ఉన్నారా?"

"ఉన్నానే!"

నాలుగు కుట్లు వేసింది. అవతల చప్పుడు లేదు.

"ఏమండీ?"

"ఉన్నాను తల్లీ! నువ్విలా పిలుస్తుంటే నిద్రపోదామన్నా పట్టదు."

ఇంకో పది కుట్లు. అవతల ఏదో దబ్బున పడింది. వెంటనే పాప ఏడుపు. ఎప్పుడు లేచిందో, ఎప్పుడు నడిచిందో తెలియదు, ఆమె చెయ్యి గొళ్ళెం మీద ఉంది.

"ఏం లేదు, ఏం లేదు. పడ్డావా? ఎక్కడ? మోకాలా? చూపించు" అంటున్నాడు అతను. "ఇదా? ఇంకోటి కూడా చూపించు. ఇదీ బాగానే ఉంది కదా. మరి ఏడుస్తోంది ఎవరు, మోకాలా నువ్వా?"

ఏడుపు ఆగలేదు. "అమ్మ" అంది పాప. ఆమె గొళ్ళెం సగం జరిపింది.

"అమ్మ పని చేసుకుంటోంది. నేనున్నాగా. రా, ఊదుతా."

ఊదినట్టుంది. పాప వెక్కుతూ వెక్కుతూ, "నాన్న, ఇవ్వు" అంది. ఏం అడిగిందో, అతనేం ఇచ్చాడో తలుపు ఇవతలికి తెలియలేదు. ఎంతసేపు నిలబడిందో ఆమెకు తెలియలేదు కానీ, ఏడుపు ఆగిపోయింది. ఆగిపోయినందుకు ఇంకో భయం వేసి చెవి ఆనించి వింది. పాప నవ్వలేదు. అతను మాత్రం లోగొంతుతో స్టాపుల పేర్లు ఒక్కొక్కటే చెబుతున్నాడు, ఎవరినో ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఊగుతున్నట్టు.

ఆమె గొళ్ళేన్ని మళ్ళీ లోపలికి నెట్టి, వచ్చి మిషను దగ్గర కూర్చుంది. కోటు కింది అంచు పొడుగ్గా మిగిలి ఉంది. సాయంత్రం ఐదింటికి నర్సమ్మ వస్తుంది.